మధ్యాహ్నం పీరియడ్‌లో పిల్లలు కునుకు తీయకుండా పాఠంలో ఉండాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. విజయవాడలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతున్నారు, చేరి ఇంకా ఏడాది కాలేదు. సెక్షన్‌లో 52 మంది. భోజనం అయ్యాక మొదటి పీరియడ్ మీదే. ముందు రెండు బెంచీలు తప్ప మిగతా అంతా కబుర్లు, కునికిపాట్లు. జోకులు చెప్పారు, వీడియోలు వేశారు, రెండు రోజులకే అవీ చప్పబడ్డాయి. సిలబస్ వెనకబడితే మేనేజ్‌మెంట్ ఊరుకోదు. "క్రియేటివ్‌గా చెప్పమని అందరూ అంటారు, ఎలాగో ఎవరూ చెప్పరు" అని రాశారు.

నేను ఇరవై రెండేళ్ళుగా ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. మొదటి ఐదేళ్ళు విజయవాడలోనే ప్రైవేటు స్కూళ్ళలో, డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక గుంటూరు జిల్లా జడ్పీ హైస్కూళ్ళలో. మీ 52 మందీ, మీ మధ్యాహ్నం పీరియడూ నాకు బాగా తెలిసినవే.

సూటిగా చెబుతాను. మీరు జవాబు చెప్పే ముందే క్లాసులో ప్రతి ఒక్కరూ తమ ఊహ ఏదో ఒకటి రాసి ఉండాలి. తప్పో ఒప్పో తర్వాత సంగతి. ముందు రాయాలి, ఆ తర్వాతే మీరు ప్రయోగం చేసి చూపించాలి, లేదా జవాబు చెప్పాలి. నాకు పనికొచ్చిన పద్ధతుల్లో మొదటిది ఇదే. కింద రాసేవన్నీ దీన్ని సరిగ్గా చేయడానికే.

జోకులూ వీడియోలూ ఎందుకు చప్పబడ్డాయో చూడండి. వాటిలో పని చేసేది మీరు, కాదంటే స్క్రీను. పిల్లలకు మిగిలింది చూడడం ఒక్కటే. పప్పూ అన్నం తినొచ్చి, ఉక్కపోతలో, ఊరికే చూస్తూ కూర్చుంటే మనకైనా కళ్ళు మూతలు పడతాయి. అదే "ఏం జరుగుతుందో ముందు రాయి" అంటే, రాసింది నిజమో కాదో తేలేదాకా పిల్లవాడి చూపు మన చేతుల మీదే ఉంటుంది. ఎవరిదో మ్యాచ్ చూడడం వేరు, మన వీధి టీమ్ ఆడుతుంటే చూడడం వేరు. ఊహ రాశాక ఆ పాఠంలో వాడికీ ఒక టీమ్ ఉంటుంది.

ఒక క్లాసు సంగతి కాస్త వివరంగా చెబుతాను. గుంటూరు పక్కనే ఉన్న స్కూల్లో తొమ్మిదో తరగతి, పాఠం ద్రావణాలు. మామూలుగా ఉప్పు, పంచదార నీళ్ళలో కలిపి ద్రావణి, ద్రావితం అని చెప్పి ముగిస్తాం. ఆ రోజు ఇంటి నుంచి రెండు గాజు గ్లాసులు, కాస్త కారం, కాస్త నూనె తీసుకెళ్ళాను. ఒక గ్లాసులో నీళ్ళు, ఇంకోదాంట్లో నూనె పోశాను. "రెండింట్లో చెరో చెంచా కారం వేసి కలుపుతాను. పది నిమిషాలు కదపకుండా ఉంచితే ఏది బాగా ఎర్రబడుతుంది? రాయండి" అన్నాను. చాలామంది నీళ్ళనే రాశారు. "నీళ్ళలో అన్నీ కరుగుతాయి కదా టీచర్" అని కారణం కూడా చెప్పారు.

పది నిమిషాల తర్వాత నీళ్ళ గ్లాసులో కొంత కారం పైన తేలుతోంది, కొంత అడుగుకు చేరింది, మధ్యలో నీళ్ళకు లేత రంగు మాత్రం పట్టింది. నూనె గ్లాసు కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే నిండు ఎరుపు. వెనక నుంచి ఎవరో "ఆవకాయ జాడీ!" అని అరిచారు. ఇంకేం, ఊరగాయ మీద తేలే నూనె ఎందుకు ఎర్రగా ఉంటుందో వాళ్ళే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు మూడో బెంచీలో అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. జూన్ నుంచి ఆ పిల్ల గొంతు నేను హాజరు పిలిచినప్పుడే విన్నాను. "టీచర్, మా అమ్మ మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్తుంది. ఇంటికొచ్చాక చేతులు ఎన్ని నీళ్ళతో కడిగినా మంట పోదు. కొబ్బరి నూనె రాసి తుడుచుకుంటుంది. ఇందుకేనా?"

ఇందుకే. రంగునిచ్చే పదార్థం కాప్సాంథిన్, మంట పుట్టించేది కాప్సైసిన్. రెండూ వేరువేరు, కానీ రెండూ నీటిలో సరిగ్గా కరగవు, నూనెలో కరుగుతాయి. కారం ఎక్కువైనప్పుడు నీళ్ళకంటే పాలూ పెరుగూ మేలు చేసేది కూడా అందుకే: వాటిలో కొవ్వు ఉంటుంది, కేసీన్ అనే ప్రోటీన్ కూడా కాప్సైసిన్‌ను పట్టుకుని లాగేస్తుంది. ఇదంతా నేను చెప్పింది నాలుగైదు నిమిషాలే. మిగతా పీరియడంతా వాళ్ళదే. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో ఇన్నేళ్ళు ద్రావణాల పాఠం చెబుతూ ఉప్పూ పంచదారల దగ్గరే ఆగిపోయానే అని ఆ రోజు చాలా బాధపడ్డాను. ఆ అమ్మాయి తర్వాత రోజు నుంచి రెండో బెంచీలోకి వచ్చి కూర్చుంది. నేను చెప్పలేదు, తనే వచ్చింది.

కాబట్టి ప్రశ్న కోసం ఇంటర్నెట్‌లో వెతికే ముందు మీ పిల్లల ఇళ్ళలో ఏం పని జరుగుతుందో కనుక్కోండి. మీది విజయవాడ కాబట్టి ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్ళ పిల్లలు తప్పకుండా ఉంటారు. బిగుసుకుపోయిన నట్టు విప్పడానికి పానాకి గొట్టం ఎందుకు తగిలిస్తారో, హైడ్రాలిక్ జాకీతో ఒక్క మనిషి లారీని ఎలా లేపుతాడో వాళ్ళు కళ్ళారా చూసి ఉంటారు. మార్కుల్లో వెనకున్న అబ్బాయి అలాంటి రోజున క్లాసు మొత్తానికి చెప్పేవాడు అవుతాడు.

ఇక 52 మందిచేత రాయించడం ఎలా? నోట్‌బుక్‌లో రాయమంటే సగం మంది పక్కవాడిది చూసి రాస్తారు, సగం మంది పెన్ను పట్టుకుని కూర్చుంటారు. నేను పలకలు వాడతాను, మనం ఒకటో తరగతిలో పట్టుకున్నవే. మొదట్లో తొమ్మిదో తరగతి పిల్లలు "మేమేమన్నా చిన్నపిల్లలమా" అని ముఖం చిట్లించారు. నేనూ ఒక పలక పట్టుకుని నా ఊహ రాసి చూపించడం మొదలుపెట్టాక సర్దుకున్నారు. పలకలు కుదరకపోతే తెల్ల కాగితానికి ల్యామినేషన్ చేయించి మార్కర్ పెన్ను ఇవ్వండి. జవాబు ఒకటి రెండు మాటలు మించకూడదు. "ఒకటి, రెండు, మూడు, ఎత్తండి" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. ఒకేసారి అనేది ముఖ్యం, లేకపోతే ఫస్ట్ ర్యాంకర్ ఏం రాసిందో చూసి మిగతావాళ్ళు చెరిపేసి రాస్తారు.

దీనివల్ల మీకూ లాభం ఉంది. అర నిమిషంలో క్లాసంతా ఎక్కడుందో కళ్ళముందు కనిపిస్తుంది. "అర్థమైందా?" అని అడిగితే 52 గొంతులు "అయింది టీచర్" అంటాయి. పలకలు ఎత్తిస్తే నలభై మందికి అర్థం కాలేదని తెలుస్తుంది. నేనైతే "అర్థమైందా" అని అడగడమే మానేశాను.

జవాబులు రెండుగా చీలిపోతే అదే మంచి అవకాశం. వెంటనే తీర్పు చెప్పకండి. "పక్కవాళ్ళు వేరే రాస్తే, ఒక్క నిమిషంలో ఒప్పించండి" అని వదలండి, తర్వాత మళ్ళీ పలకలు ఎత్తించండి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల మొదట్లో తన పెద్ద లెక్చర్ క్లాసుల్లో చేసింది ఇదే: ప్రశ్న, ఒంటరిగా ఆలోచించి జవాబు, పక్కవాళ్ళతో వాదన, మళ్ళీ జవాబు. మన బెంచీల్లో ముగ్గురు నలుగురు ఆనుకుని కూర్చుంటారు కాబట్టి ఎవర్నీ కదిలించాల్సిన పని కూడా లేదు. ఆ ఒక్క నిమిషం గోల గోలగా ఉంటుంది. మీ ప్రిన్సిపాల్‌తో ముందే ఒక మాట అనండి, వీలైతే ఒక రోజు వచ్చి వెనక కూర్చోమనండి. పక్క క్లాసు టీచర్‌కీ చెప్పండి. చెప్పకుండా చేస్తే "క్లాసు కంట్రోల్ లేదు" అనే పేరు వస్తుంది. కొత్తలో నాకూ వచ్చింది.

ప్రశ్న అడిగాక ఆగండి. చెప్పినంత తేలిక కాదు ఇది. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల రికార్డింగులు విని తేల్చింది, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, మామూలుగా నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడతారు. నేను మనసులో "కృష్ణా, గుంటూరు, ప్రకాశం" అనుకుని, అప్పుడు ఇంకో మాట మాట్లాడతాను. మొదటి వారం ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది.

ఎవర్ని అడగాలి అనేదానికి నా దగ్గర ఒక తంబోలా డబ్బా ఉంది. అందులో 1 నుంచి 90 దాకా బిళ్ళలుంటాయి, మీ క్లాసుకు 52 పైన ఉన్నవి తీసేయండి. బిళ్ళ తీస్తే ఏ రోల్ నంబరు వస్తే వాళ్ళు చెప్పాలి. చెయ్యెత్తిన ఆ నలుగురితోనే పాఠం నడిచిపోవడం దీంతో ఆగుతుంది. అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. అందరూ పలక మీద రాశాకే బిళ్ళ తీయండి. అప్పుడు పిల్లవాడు అప్పటికప్పుడు ఏదో తట్టాలని టెన్షన్ పడక్కర్లేదు, రాసింది చదివితే చాలు. "ఎందుకలా అనుకున్నావు?" అని అడగండి, "తప్పు, కూర్చో" అనకండి. నత్తి ఉన్న పిల్లలుంటే పక్కవాళ్ళచేత చదివించండి. తప్పు చెప్పినందుకు ఒక్కసారి క్లాసంతా నవ్విందంటే ఆ పిల్ల పలక మరి నిజాయితీగా పైకి లేవదు.

తప్పు గురించి నా అనుభవం ఒకటి. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుందని చూపించడానికి ప్లాస్టిక్ బాటిల్‌కు ఒకదాని పైన ఒకటి మూడు రంధ్రాలు పెట్టి టేపు అంటిస్తాం కదా. బాటిల్‌ను ఒక పెద్ద ట్రేలో నిలబెట్టి, "ఏ రంధ్రం నీళ్ళు ఎక్కువ దూరం పడతాయి?" అని అడిగాను. అందరూ కిందిదే అని రాశారు. నేనూ అదే రాశాను. టేపు లాగేశాను. మధ్య రంధ్రం నీళ్ళు అన్నిటికంటే దూరం పడ్డాయి. పైదీ కిందిదీ ఇంచుమించు ఒకే చోట పడ్డాయి. మళ్ళీ నింపి మళ్ళీ చేశాను, అదే వచ్చింది. ఒక అబ్బాయి లేచి "టీచర్, పాఠం తప్పా?" అన్నాడు.

నాకు చెమటలు పట్టాయి. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు, కానీ ఊహ రాయమని రోజూ వాళ్ళను అడిగేదాన్ని నేనే. "నాకూ అర్థం కావట్లేదు. రేపటికి నేనూ ఆలోచిస్తాను, మీరూ ఆలోచించి రండి" అన్నాను. రాత్రి కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. కింది రంధ్రం నుంచి నీళ్ళు అన్నిటికంటే వేగంగానే వస్తాయి, ఒత్తిడి అక్కడే ఎక్కువ. కానీ ట్రే ఆ రంధ్రానికి దగ్గర్లోనే ఉంది కాబట్టి గాలిలో ఉండే సమయం తక్కువ, దూరం పోయేలోపే పడిపోతాయి. నీటిమట్టం 20 సెంటీమీటర్లు, రంధ్రాలు అడుగు నుంచి 5, 10, 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, లెక్క ప్రకారం మధ్యది 20 సెంటీమీటర్ల దగ్గర, పైదీ కిందిదీ రెండూ 17 దగ్గర పడాలి. నిజం బాటిల్‌లో ఇంకాస్త తగ్గుతుంది.

మర్నాడు నేను నోరు తెరిచే లోపే ఒక అమ్మాయి "టీచర్, బాటిల్‌ను బల్ల అంచున పెట్టి, నీళ్ళు కింద టబ్బులో పడేలా చేద్దామా?" అంది. చేశాం. కింది రంధ్రం నీళ్ళే దూరం పడ్డాయి. ఎందుకో ఆ అమ్మాయే బోర్డు మీద గీసి చెప్పింది. నాగార్జునసాగర్ డ్యామ్ అడుగున ఎందుకంత మందంగా కట్టారో ఆ తర్వాత నేను వేరుగా చెప్పాల్సిన అవసరమే రాలేదు. రెండు పీరియడ్లు పట్టింది. ఆ బ్యాచ్ పిల్లలు ఎక్కడ కనిపించినా ఇప్పటికీ ఆ బాటిల్ మాటే ఎత్తుతారు.

సిలబస్ సంగతికి వస్తాను, మీ అసలు భయం అదే కదా. ప్రతి పీరియడ్‌లోనూ ఇలా చేయమనడం లేదు. లెక్కలు సాధన చేయించే రోజు, నోట్స్ పూర్తి చేయించే రోజు క్లాసు నిశ్శబ్దంగా ఉండటమే మంచిది. కొత్త భావన మొదలుపెట్టే రోజు ఒక్క మంచి ప్రశ్న చాలు, ఊహ, వాదన, ప్రయోగం కలిపి పదిహేను నిమిషాలు. ఆ సమయం రివిజన్‌లో తిరిగి వస్తుంది.

రోజూ చేయదగ్గది మాత్రం ఒకటుంది. పీరియడ్ మొదట్లో మూడు నిమిషాలు పుస్తకం మూయించి, నిన్నటి పాఠంలో గుర్తున్నది రాయించండి. మార్కులు వద్దు, దిద్దవద్దు. తర్వాత వాళ్ళే పుస్తకం తెరిచి సరిచూసుకుంటారు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పాఠం మళ్ళీ చదివినవాళ్ళకూ, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకూ ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. సిలబస్ అని మేనేజ్‌మెంట్ అడిగితే స్లిప్ టెస్ట్ మార్కులు చూపించండి, నేను అలాగే నెగ్గుకొచ్చాను.

నేను చేసి మానేసినవి కూడా చెప్పాలి. చాక్లెట్లు ఇచ్చాను. నెల తిరక్కుండా "చెబితే ఏమిస్తారు టీచర్?" అనే స్థితికి వచ్చారు, దాన్ని మాన్పించడానికి ఇంకో నెల పట్టింది. చార్టులు, మోడళ్ళు ఇంటికిస్తే చేసేది అమ్మానాన్నలు, లేదంటే స్టేషనరీ షాపువాళ్ళు. వీడియోలు పూర్తిగా మానేయనక్కర్లేదు. ఫలితం కనిపించే ముందు ఆపేయండి, పలకలు ఎత్తించండి, అప్పుడు నడపండి. ఐదు నిమిషాలు మించకండి, లైట్లు ఆర్పకండి. మధ్యాహ్నం పీరియడ్‌లో చీకటి చేస్తే నిద్ర రాక ఏమవుతుంది?

కొందరి నిద్రకు మీ పాఠంతో సంబంధం ఉండదు. నా క్లాసులో ఒక అబ్బాయి రోజూ తల వాల్చేసేవాడు. రెండు మూడు సార్లు నిలబెట్టాను కూడా. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నాన్నతో పాటు పాల ప్యాకెట్లు వేసి వస్తున్నాడని చాలా రోజులకు తెలిసింది. నిలబెట్టినందుకు ఇప్పటికీ నొచ్చుకుంటాను. తర్వాత నుంచి భోజనం ముగించగానే కాసేపు స్టాఫ్ రూమ్ పక్క గదిలో పడుకోనిచ్చేవాళ్ళం. మీ 52 మందిలో రోజూ పడుకునేవాళ్ళెవరో గుర్తు పెట్టుకుని, తిట్టే ముందు ఒక్కసారి విడిగా పిలిచి అడగండి.

మీ స్టాఫ్ రూమ్‌లో సోషల్ టీచర్ "ఇదంతా సైన్స్‌కే కుదురుతుంది" అంటే ఈ సంగతి చెప్పండి. మా సోషల్ టీచర్ 1832-33 గుంటూరు కరువు గురించి చెప్పే ముందు, అదే మన పెద్దవాళ్ళు నందన కరువు, డొక్కల కరువు అనేది, మ్యాప్‌లో కృష్ణానదిని చూపించి "పక్కనే ఇంత నది పారుతుంటే ఇక్కడ జనం ఆకలితో ఎందుకు చనిపోయారు?" అని ఒక్క ప్రశ్న వేసి రాయమన్నారు. పిల్లలు తలొక కారణం రాశారు. ఆ తర్వాత 1855 నాటికి ఆనకట్ట ఎందుకు కట్టారో, అది దెబ్బతిన్నాక 1957లో ప్రకాశం బ్యారేజీ ఎలా వచ్చిందో చెబుతుంటే రోజూ బ్యారేజీ దాటి వచ్చే పిల్లలు కూడా కొత్తగా విన్నారు.

వచ్చే వారం మీ పాఠం ఉత్ప్లవనం, అంటే వస్తువులు నీళ్ళలో తేలడం, అన్నారు కదా. రెండు కమలాపండ్లు కొనండి, ఒకే సైజువి. ఒకదానికి తొక్క పూర్తిగా తీసేయండి. "రెండూ నీళ్ళలో వేస్తే ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది?" అని రాయించండి. తొక్క తీసింది తేలికైంది కాబట్టి అదే తేలుతుందని ఎక్కువమంది రాస్తారు. వేయండి. తొక్క ఉన్నది తేలుతుంది, తీసింది మునుగుతుంది. కారణం మీరు చెప్పకండి, తొక్క ముక్క ఒకటి వాళ్ళ చేతికిచ్చి నొక్కి చూడమనండి, లోపలి తెల్లటి పొరలో గాలి ఉందనే మాట వాళ్ళ నోటి నుంచే రానివ్వండి. పాత్ర గాజుదో, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బానో అయి ఉండాలి, వెనక బెంచీకి కనపడేలా ఎత్తులో పెట్టండి. ముందు రోజు రాత్రి ఇంట్లో ఒకసారి వేసి చూసుకుని వెళ్ళండి.